వానలో చూడని గొట్టం

నేల కదులుతోందా లేదా అని చూడటం వన్‌లోప్ పని. బ్యాంకాక్‌లో మెట్రో స్టేషన్‌కి గొయ్యి తవ్వుతుంటే, దాని చుట్టూ మట్టిలో లోతుగా దించిన గొట్టాల్లోకి ఇనప కడ్డీలాంటి యంత్రాన్ని అడుగుదాకా వదలాలి. అర మీటరుకోసారి ఆపి, గొట్టం ఎంత వంగిందో చెప్పే అంకె చూసి, పైకి లాగాలి. తర్వాత కడ్డీని వెనక్కి తిప్పి మళ్లీ మొదటినుంచీ. రోజుకి ఆరు గొట్టాలు. పదకొండేళ్ల చాకిరీతో నడుం ఎప్పుడో పోయింది. నేల కదలకపోతే ఆయన ఉన్నాడనే ఎవరికీ గుర్తుండదు, కదిలితే తిట్లన్నీ ఆయనకే.

నాలుగో గొట్టం జియాప్ పిన్ని నూడుల్స్ కొట్టు గోడ పక్కనే ఉంది. ఆ ఉదయం అది గొయ్యి వైపు పద్నాలుగు మిల్లీమీటర్లు వంగినట్టు చూపించింది.

"నిన్న మూడేగా అన్నా?" అంది ఇంజనీరు నత్తయా. "ఒక్క రోజులో అంత జరుగుద్దా? కడ్డీ తిరగేసి పెట్టుంటావ్. రేపు మళ్లీ చూడు. ఇవాళ మధ్యాహ్నం ఇంకో వరస లోతుకి తవ్వేస్తున్నారు."

వన్‌లోప్ కొట్లోకొచ్చి కూలబడ్డాడు.

"ఏంటబ్బాయ్, మొహం అట్టా పెట్టావ్?" జియాప్ పిన్ని గిన్నె ముందు పెట్టింది. "నా కొట్టు పడిపోద్దా ఏంటి?" అని తనే నవ్వింది.

ఆయన గిన్నె పక్కకి జరిపాడు. నేల ఒక్క రోజులో జరగలేదు. అంతకుముందు మూడు రోజులూ కుండపోత వాన. ఆ మూడు రోజులూ ఈ బల్ల దగ్గరే కూర్చుని, పాత అంకెల్నే కాస్త అటూ ఇటూ మార్చి పంపేశాడు. మోసం చెయ్యాలని కాదు, ఒళ్లు సహకరించక. చెబితే ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే మధ్యాహ్నం తవ్వుతారు.

లేచి వెళ్లాడు. "ఇంజనీరమ్మా, తవ్వనివ్వద్దు. ఈ అంకె నిజం. వాన పడ్డ మూడు రోజులూ పంపినవే నేను కొట్లో కూర్చుని రాసినవి."

నత్తయా పాలిపోయింది. వెంటనే ఫోన్ చేసి యంత్రాలు ఆపించింది. సాయంత్రానికి కొట్టు ఖాళీ చేయించారు. పిన్ని గిన్నెలు బండికెత్తుతూ వన్‌లోప్‌ని నోటికొచ్చినట్టు తిట్టింది. ఆయన బల్లలు మోశాడు. తిట్లు న్యాయమే అనిపించింది.

నత్తయా వచ్చి పక్కన నిలబడింది. కోపం కూడా లేదు ఆమె గొంతులో.

"అన్నా, తవ్వకముందు తీసిన మొదటి అంకెలున్నాయే, అన్నీ వాటినుంచే కొలుస్తున్నాం. ఆరు గొట్టాల పక్కనా ఇళ్లున్నాయి. కనీసం అవన్నా నిజంగా చూశావా?"

వన్‌లోప్ ఆ రోజులు తలుచుకున్నాడు. అప్పుడూ వానాకాలమే.

"గుర్తులేదమ్మా" అన్నాడు.