దొరసానికి మా అత్తయ్య నవ్వు

ఆ రోజుల్లో నేను చాలా గొప్ప చిత్రకారిణిని. ఆ సంగతి నాకొక్కదానికే తెలియడం వల్ల, బొమ్మల కాలేజీలో డిగ్రీ పుచ్చుకున్నాక దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో ఒక ఫ్రేముల కొట్లో ఉద్యోగానికి చేరాల్సి వచ్చింది. కొట్టు యజమాని నల్గొండ వైపు ఆయన. దేవుళ్ల పటాలకు అద్దాలు బిగిస్తూ పైకొచ్చాడు కాబట్టి బజారంతా ఆయన్ని ఫ్రేములన్న అనేది. కింద ఆయన అద్దాలు కోసేవాడు, పైన రేకుల గదిలో చెమటలు కక్కుతూ నేను యూరప్ ప్రభువంశాల్ని ఉద్ధరించేదాన్ని.

ఉద్ధరించడమంటే మరేం లేదు. ఎల్.బి.నగర్‌లో కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలుకి ప్యాలెస్ లుక్ కావాలన్నారు. మూడు నాలుగు వందల ఏళ్ల కిందటి జమీందార్లూ దొరసానులూ ఉంటారే, చీకట్లోంచి మొహం మీద వెలుగు పడుతూ, మెడ చుట్టూ అప్పడంలాంటి లేసు కాలరుతో, వాళ్ల బొమ్మల్ని నిలువెత్తున నూనె రంగుల్లో మళ్లీ వేసివ్వాలి. ఆ పద్ధతిని బరోక్ అంటారని నేను గంభీరంగా చెబితే ఫ్రేములన్న తలూపి, ఆ సాయంత్రమే ఎవరికో ఫోన్లో "మా దగ్గర బ్యారక్ బొమ్మలు గూడ ఏస్తం" అని చెప్పేశాడు. (ఆ తరవాత బోర్డు మీద కూడా అలాగే రాయించాడు.)

విగ్గుల మగాళ్లు బాగానే కుదిరారు. చిక్కంతా ఒళ్లో కుక్కపిల్లని పెట్టుకున్న ఒక దొరసానితో వచ్చింది. లేసులో ఒక్కో పోగూ నిలబెట్టి, ముత్యాలు మెరిపించి, నాలో నేనే మురిసిపోతుంటే ఫ్రేములన్న పైకొచ్చి నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు.

"ఏందమ్మా గిది? సావింట్ల కూసున్నట్టు గట్ల సూస్తది? పెండ్లి హాల్ల పెట్టేటిది. జర నవ్వమను."

"సార్, ఆ కాలంలో నవ్వేవాళ్లు కాదు."

"గా కాలంల నవ్వలే. గీ కాలంల నవ్వాలె."

నవ్వే మొహం ఎక్కడ దొరుకుతుంది? వనస్థలిపురంలో, మా పక్క వీధిలోనే మా మేనత్త ఉంది. సీరియల్లో ఎవరి కాపురమైనా కూలుతుంటే ఆవిడ పెదవి ఒక పక్కకి చిన్నగా విచ్చుకునేది. రాజవంశాలకే తగిన నవ్వు అది. రాణిగారి బొమ్మకి కూర్చోవాలి అత్తయ్యా అంటే ఎగిరి గంతేసి, పట్టుచీర కట్టుకుని, చిక్కుడుకాయలు పక్కన పెట్టి మరీ కూర్చుంది. రాణిగారి గౌను మెడ కింద ఎంత దూరం వరకూ గుడ్డ ఉండదో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. నవ్వు దించబోయి బుగ్గలూ, బుగ్గల వెంట గడ్డమూ, కళ్లూ దించేశాను. ఫ్రేములన్న చూసి "గిప్పుడు పానమొచ్చింది" అన్నాడు.

కొన్నాళ్లకి అత్తయ్య కొడుకు, అంటే మా బావ, ఆఫీసులో ఒక పిల్లని ఇష్టపడ్డాడు. వాళ్లు నల్గొండ వాళ్లు, ఉండేది ఎల్.బి.నగర్. మా గోదావరి వాళ్లతో సంబంధమంటే మొదట నసిగి, చివరికి ఒప్పుకున్నారు. నిశ్చితార్థం ఖర్చు వాళ్లదే కనక హాలు వాళ్లే చూసుకున్నారు. ఏ హాలో మీకు అర్థమయ్యే ఉంటుంది. నాకు మాత్రం గుమ్మంలో అడుగు పెట్టాకే అర్థమైంది.

తాంబూలాలకి సరిగ్గా ఎదురుగా దొరసాని. పెళ్లికూతురి నాయనమ్మ కళ్లద్దాలు సవరించుకుని ఒకసారి గోడనీ, ఒకసారి అత్తయ్యనీ చూసింది.

"ఏమమ్మా, గా పటంల ఉన్నది నువ్వేనా?"

అత్తయ్య తలెత్తింది. ముందు మొహం గుర్తుపట్టింది, తరవాత గౌను గుర్తుపట్టింది. చెయ్యి దానంతటదే పమిట సర్దుకుంది. "అబ్బే, నేనెందుకవుతానండీ పిన్నిగారూ! ఆవిడ మా తాతమ్మగారు. మాది యానాం దగ్గర కదా, ఫ్రెంచి వాళ్ల కాలంలో..." అని నోరు జారింది.

"తాతమ్మనా? గంత తెల్లగున్నదేంది? అంటే మీరు ఫ్రెంచోళ్లా?"

పెళ్లికూతురి మేనమామ చేతిలోని లడ్డూ పళ్లెం కింద పెట్టేశాడు. "మరి గోత్రం జెప్తిరి గద? ఫ్రెంచోళ్లకు గోత్రముంటదా?"

బావ మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. పెళ్లికూతురు నా వంక చూస్తోంది, పాపం, కళ్లనిండా నీళ్లతో. నా గొప్ప కళ వల్ల ఒక పెళ్లి చెడిపోయేలా ఉందని అర్థమై, "అది మా అత్తయ్యే! నేనే వేశాను! మొహం ఒక్కటే అత్తయ్యది, మిగతాదంతా వేరే వాళ్లది!" అని అరిచేశాను. మైకు పక్కనే ఉండటం వల్ల వంటవాళ్లు కూడా బయటికొచ్చారు.

నాయనమ్మ అత్తయ్య వైపు తిరిగింది. "మరి గా తాతమ్మ కత ఎందుకు జెప్పినవమ్మా?"

"ఏం చెయ్యమంటారు పిన్నిగారూ? ఆ జాకెట్టు నాదని ఎలా ఒప్పుకోను?"

ముసలావిడ పళ్లు లేని నోటితో పకపకా నవ్వడం మొదలుపెట్టింది. ఆవిడ నవ్వితే వాళ్లింట్లో నవ్వనివాళ్లు లేరని అప్పుడే తెలిసింది. మేనమామ లడ్డూ పళ్లెం మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. నాయనమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గుసగుసగా అంది: "బిడ్డా, నాది గూడ ఏస్తవా? గట్లనే, ముత్యాలు పెట్టి. గని కుక్క వద్దు. మా ఊర్ల నాకొక బర్రె ఉండె. దాన్ని పెట్టు."

వేశాను. లేసు కాలరులో నాయనమ్మ, ఒళ్లో పట్టదు కాబట్టి పక్కన నిలబడ్డ గేదె, చీకట్లోంచి వచ్చి కొమ్ముల మీద పడే వెలుగు. కాలేజీ స్నేహితులెవరైనా చూస్తే నా పరువేం కావాలని, గిట్టల దగ్గర గడ్డిలో, సూదితో గీసినట్టు సన్నగా నా సంతకం పెట్టాను.

ఇప్పుడు నేను కంప్యూటర్ మీద శుభలేఖలు డిజైన్ చేస్తాను. కుంచె పట్టి ఎన్నాళ్లయిందో. హాల్లో దొరసానిని తీసేసి టీవీ తెర పెట్టారట. నాయనమ్మా లేదు. మొన్న బావ వాళ్లింటికి వెళ్తే ఆవిడా, గేదే మాత్రం ముందుగదిలో వెలుగుతూ ఉన్నారు. ఎవరూ లేనప్పుడు మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్ లైటు వేసి బొమ్మలోని గడ్డి అంతా వెతికాను. బావ భార్య కాఫీతో వచ్చి "ఏం పడ్డదక్కా?" అంది. ఏం లేదన్నాను. నా పేరు ఫ్రేము చెక్క కిందకి పోయింది. ఎవరి కంటా పడకూడదని ఊపిరి బిగబట్టి ఆ సంతకం పెట్టిన పిల్ల ఎక్కడైనా ఎదురుపడితే బాగుండు, చెవి మెలేసి చెబుదును: పిచ్చి మొద్దూ, కాస్త పెద్దగా రాయకపోయావా!