ఎనిమిది నంబరు బండి

నేను నోరు విప్పితే చాలు, లోకంలోని మూఢత్వమంతా సిగ్గుపడి మూట సర్దుకుంటుందని నమ్మిన వయసు నాకొకటి ఉండేది. అప్పటికి మా నారాయణఖేడ్ ఇంకా మెదక్ జిల్లాలోనే ఉంది. పగలు ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి, సాయంత్రం బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో పెద్దలకు హేతువాదం చెప్పేవాణ్ణి. పిల్లలు పరీక్షల భయంతోనైనా వినేవారు. పెద్దలు చాయ్ తాగి లేచిపోయేవారు. గ్రహణం పట్టినప్పుడు నడిరోడ్డు మీద నిలబడి సమోసాలు తిన్నాను. పిల్లి ఎదురైతే ఆగి, దాన్ని ముందు పోనిచ్చి, ఆ దారినే వెళ్ళాను. (పిల్లి నా గురించి ఏమనుకుందో తెలియదు.) అంతటివాణ్ణి నేను. అయినా ఒక పాత మోటారు సైకిలు, అదీ నా సొంతది, అమ్ముడుపోకుండా వీధి గుమ్మంలో నిలబడి నెల పొడుగునా నా పరువు తీసింది. తప్పు బండిది కాదు. ఎవరిదో చెప్పడానికే ఇది రాస్తున్నాను, ఎందుకంటే ఆ కోపం నాకు ఇవాళ్టికీ పూర్తిగా చల్లారలేదు.

ముందు బండి సంగతి. నూరు సీసీది. నా చేతికి రాకముందే ఒకాయన బాగా వాడాడు, వచ్చాక నేను ఇంకా బాగా వాడాను. కల్హేర్‌లో సభ అంటే కల్హేర్‌కి, కంగ్టిలో చర్చ అంటే కంగ్టికి, గుంతల రోడ్ల మీద నన్నూ నా కరపత్రాల కట్టనూ మోసింది. సీటు చిరిగితే మా అక్క పాత రెగ్జిన్ గుడ్డ వేసి ఎంత చక్కగా కుట్టిందంటే, బండి మొత్తంలో చూడదగ్గది ఆ సీటు ఒక్కటే. అమ్మాలనుకోవడానికీ అక్కే కారణం. బావ పట్నంలో డ్రైవరు పని చేస్తుంటే, అక్క మా ఇంటి ముందుగదిలో కుట్టుపని పెట్టుకుంది. జాకెట్లు తనే కుట్టేది గాని, చీర అంచులకు పీకో కొట్టే మిషన్ లేదు. వచ్చిన చీరలన్నీ బజార్లో ఇంకో షాపుకు మోసుకుపోవలసి వచ్చేది. ఆ సంగతి తెలిసిన ఆడవాళ్ళు మరుసటిసారి చీరతోబాటు జాకెట్టు కూడా నేరుగా అక్కడే ఇచ్చేవారు. అలా అక్క చేతిలోని గిరాకీ ఒక్కొక్కటే జారిపోతున్న సమయంలో, సిర్గాపూర్ దర్జీ ఒకాయన ఇల్లు ఖాళీ చేసి హైదరాబాదు పోతూ తన పీకో మిషన్ అమ్ముతానన్నాడు. "నెలాఖరు దాక ఆగుత చెల్లె. ఆ తర్వాత సామానుతోటి లారీల ఎక్కిస్త" అని గడువు పెట్టాడు. అక్క నా వైపు చూసింది. నేను బండి వైపు చూశాను. స్త్రీల ఆర్థిక స్వాతంత్ర్యం గురించి అంతకు ముందు వారమే కంగ్టిలో చెమటలు కక్కుతూ మాట్లాడి ఉన్నాను, వెనక్కి తగ్గే దారి లేదు.

దళారుల చేతిలో పెట్టకుండా నేనే అమ్ముతానన్నాను. అబద్ధం లేకుండా అమ్ముతానని కూడా అన్నాను. హ్యాండిలుకు ఒక అట్టముక్క కట్టి "అమ్మబడును. లోపాలు అడగకపోయినా చెప్పబడును" అని రాశాను. చాయ్ హోటల్లో ఆ అట్ట చూసి వారం రోజులు నవ్వారు.

మొదట కల్హేర్ నుంచి కూరగాయలు అమ్ముకునే ఒకాయన వచ్చాడు. నేను వరుసగా చెప్పుకొచ్చాను. క్లచ్ ప్లేట్లు అరిగాయి, చలికాలం పొద్దున కిక్కు కొట్టీ కొట్టీ కాలు నొప్పి పెడుతుంది, ఎడమవైపు ఇండికేటరు వెలగదు, ఇంజను ఆయిల్ కాస్త తాగుతుంది. "పాత బండన్నంక గవన్నీ ఉంటయి సార్" అని ఆయన పెద్దమనసుతో క్షమించి, వెనక్కి పోయి, నంబరు ప్లేటు ముందు గొంతుక్కూర్చున్నాడు. వేళ్ళు ముడవడం మొదలుపెట్టాడు.

"మొత్తం పదిహేడు. ఒకటీ ఏడూ ఎనిమిది" అని లేచి, చేతులు దులుపుకున్నాడు. "శనిది సార్ గిది. నాకొద్దు."

నాకు ఒళ్ళు మండిపోయింది. రవాణా ఆఫీసులో గుమాస్తా వరుసలో వచ్చింది వచ్చినట్టు రాసిన అంకెకీ, కోట్ల మైళ్ళ అవతల తన దారిన తాను తిరిగే ఒక గ్రహానికీ ఏమిటి సంబంధం? పెట్రోలుకు కూడికలు వచ్చా? టైరుకు అంకెలు తెలుసా? ఇవన్నీ అడిగాను. ఆయన ఓపికగా విన్నాడు.

"గదంత నాకు తెల్వది సార్. మా బామ్మర్ది బండి గూడ ఎనిమిదే. పడి కాలిరిగింది."

"తాగి నడిపిండా?"

"తాగిండు. గాని రోజూ తాగుతడు గద, గా రోజే ఎందుకిరిగింది?"

(సభల్లో ఎంతోమంది పండితులను ఎదుర్కొన్నాను గాని ఇంత గట్టి ప్రశ్న ఎవరూ వేయలేదు.) ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా ఇదే దారి. ఒకాయన భార్య ఆటో దిగకుండానే దూరం నుంచి అంకెలు కలిపి, ఆటో వెనక్కి తిప్పించింది. నాకు తిక్క రేపిన విషయం ఒక్కటే. బ్రేకు పడుతుందా అని ఒక్క మనిషి అడగలేదు. బ్రేకు పడకపోతే చచ్చేది వాళ్ళే అయినా అడగలేదు. చాయ్ హోటలాయన జాలిపడి, "ఒక అంకె మీద జరంత మట్టి పూయి సార్, మొత్తం తొమ్మిదైతది, సాయంత్రానికి అమ్ముడుపోతది" అన్నాడు. ఆయనకు ఆ రోజు అరగంట సేపు సత్యం గురించి చెప్పాను. చాయ్ చల్లారిపోయింది. అక్క మాత్రం సాయంత్రం కాగానే ఇంకొకరి షాపుకు మోయవలసిన చీరలు సంచిలో సర్దుకునేది, అంతే.

నెలాఖరు దగ్గర పడ్డాక కంగ్టి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కందుల వ్యాపారం చేస్తాడు కనుక అందరూ కందుల పటేల్ అంటారు. తలకు రుమాలు, మాటలో సగం కన్నడం. బండిని చూడలేదు, నేను చెప్పిన లోపాలు వినీ విననట్టు విన్నాడు. నేరుగా వెనక్కి పోయి ప్లేటు చూశాడు, వేళ్ళు ముడిచాడు. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాను. ఆయన మొహం వెలిగిపోయింది.

"హౌదు, ఎనిమిదే" అన్నాడు. "రెండు నెలల సంది దేవులాడుతున్న సారూ. బీదర్ దాక పోయొచ్చిన. ఎవ్వన్ని అడిగినా తొమ్మిది చూపిస్తడు. నా జాతకానికి శని అచ్చొస్తడంట, ఎనిమిది బండే ఎక్కాలెనని మా అయ్యవారు చెప్పిండు."

నేను చెప్పిన ధరకు బేరం కూడా ఆడలేదు. గుమ్మంలో అక్క మెడలో టేపు, చేతిలో కత్తెరతో నిలబడి ఉంది. ఆమె కళ్ళల్లో పీకో మిషన్ గిర్రున తిరగడం నాకు కనిపించింది. నేను తాళం చెవి ఆయన చేతిలో పెట్టి ఊరుకోవాలి. బుద్ధి ఉన్నవాడెవడైనా అదే చేస్తాడు. కాని నాకు బుద్ధి కాదు, సిద్ధాంతం ఉంది. శని చెడు చేస్తాడన్నవాళ్ళను నెల రోజులు తిట్టి, శని మేలు చేస్తాడన్నవాడి దగ్గర డబ్బు పుచ్చుకుంటే నేనేం హేతువాదిని?

"పటేలా, ఒక్క మాట" అన్నాను. "గా ఎనిమిదికి ఏ మహిమా లేదు."

"లేదా?"

"లేదు. గది ఉట్టి నంబరు."

"మరి మహిమ లేనిది అందరెందుకు భయపడుతున్నరు?"

"వాళ్ళకు తెలివి లేదు, భయపడుతున్నరు. మీ అయ్యవారికీ లేదు, కొనుమన్నడు."

పటేల్ చెయ్యి జేబు దాకా పోయి ఆగింది. నన్ను ఎగాదిగా చూసి, అక్క వైపు తిరిగాడు. "ఏం బిడ్డా, మీ తమ్మునికి బండి అమ్ముడు ఇష్టం లేదా?"

"ఇష్టమే పటేలా" అంది అక్క. "గాయినకు మాట్లాడుడు ఇంకా ఇష్టం."

"అమ్మెటోడే వద్దంటుండంటే శకునం మంచిగ లేదు" అని పటేల్ రుమాలు సర్దుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. ఆ క్షణంలో నేను వాదన గెలిచాను. అక్క మిషన్ లారీ ఎక్కినట్టే. ఈ రెండూ నాకు ఒకేసారి తెలిసివచ్చాయి. అయినా శకునం కూడా మూఢనమ్మకమేనని చెప్పబోయాను.

అక్క గుమ్మం దిగి వచ్చింది. "పటేలా, బండి రోగాలన్ని తమ్ముడు చెప్పిండా, దాచిండా?"

"అడగకముందే చెప్పిండు."

"నంబరు గురించి గూడ గట్లనే తనకు తోచింది చెప్పిండు. చిన్నప్పటి సంది అంతే, లోపల ఒకటి బయట ఒకటి రాదు. ఇగ కొనుడు కొనకపోవుడు మీ ఇష్టం."

పటేల్ ఆగాడు. ప్లేటు వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్ళీ ప్లేటు వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా తలూపాడు. "నిజమే బిడ్డా. శనికి అబద్ధమంటే పడది. ఇన్నేండ్లు ఎనిమిది బండి నడిపిండు గనుకనే గీ సారు గింత నిజం మాట్లాడుతుండు. బండిల మహిమ ఉంది."

పాఠకులారా, మీరే న్యాయం చెప్పండి. ఎన్నో పుస్తకాలు చదివి, ఎందరితోనో వాదించి, ఇంట్లో తిట్లు తిని సంపాదించుకున్న నా హేతువాదాన్ని ఆ మనిషి ఒక్క నిమిషంలో శని ఖాతాలో జమ కట్టేశాడు. నేను నోరు తెరిచాను.

"తమ్మీ" అంది అక్క, "పొయ్యి మీద పాలున్నయి, పొంగుతయేమో చూడుపో."

పొయ్యి మీద పాలు లేవు. ఆ పూట ఇంట్లో పాలే లేవు. ఆ సంగతి నాకూ తెలుసు, నాకు తెలుసని అక్కకూ తెలుసు. లోపలికి వెళ్ళి చల్లారిన పొయ్యి ముందు నిలబడి, లేని పాలు పొంగకుండా కాపలా కాశాను. నా జీవితంలో ఒక వాదనను సగంలో వదిలింది అదే మొదటిసారి. బయట పటేల్ కిక్కు కొట్టిన చప్పుడు వినిపించింది. ఒకే ఒక్క కిక్కుకు బండి అందుకుంది. నాకెన్నడూ అలా అందుకోలేదు. (గోడ పక్కన మధ్యాహ్నం దాకా ఎండలో ఉంది కాబట్టి ఇంజను వేడెక్కి ఉండాలి. ఇంకే కారణమూ లేదు.)

పీకో మిషన్ వచ్చింది. అక్కకు ఇప్పుడు బజార్లో సొంత షాపుంది, పక్క షాపులవాళ్ళే చీరలు మోసుకొచ్చి ఇస్తున్నారు. నేను చెప్పిన ఉపన్యాసాలన్నిటికంటే ఆ మిషన్ ఎక్కువ మందిని మార్చిందంటే ఆమె నవ్వుతుంది, నేను ఒప్పుకోను. నేనింకా వ్యాసాలు రాస్తున్నాను, జాతకాల మీదా ముహూర్తాల మీదా నిప్పులు చెరుగుతూనే ఉన్నాను, ఒక్క మాట వెనక్కి తీసుకోలేదు. కాకపోతే ఆ నెల రోజులు నాకొక జబ్బు అంటించి పోయాయి. కంగ్టి బస్సులో కూర్చుంటే చాలు, ముందు పోయే బండి నంబరు కంటపడగానే వేళ్ళు వాటంతటవే ముడుచుకుంటాయి. తొమ్మిది వస్తే పట్టించుకోను. ఎనిమిది వస్తే మాత్రం, ఆ నడిపేవాడెవడో నిజం మాట్లాడే మనిషై ఉంటాడని ఒక్క క్షణం అనిపించి, పెదవుల మీదికి నవ్వొస్తుంది. దీనికి శాస్త్రీయమైన ఆధారం ఏదీ లేదు. అక్కకు మాత్రం చెప్పలేదు.