మా వీధిలో పూలెందుకు పూయలేదంటే

నేను బట్టలు కుడతాను. కిటికీకి ఎదురుగా మిషను వేసుకుని కూర్చుంటాను కాబట్టి వీధిలో ఎవరు తుమ్మినా నాకు తెలిసిపోతుంది. తెలిసిన తర్వాత నా నోరు ఊరుకోదు. అలాంటి నేనే మొక్కలావిడ సంగతి ఒకటి చాలాకాలం కడుపులో దాచుకున్నాను.

మొక్కలావిడ మా పై వాటాలో ఉంటుంది. భర్త బస్సు డ్రైవరు. ఒక్కతే కూతురు, బడికి వెళ్తోంది. బక్కగా ఉండి గలగలా మాట్లాడుతుందని ఆ పిల్లను అందరం పిట్ట అంటాం. మొక్కలావిడది మునిసిపాలిటీ పని. రోడ్ల పక్కన సిమెంటు పగలగొట్టించి, మట్టి నింపించి, మొక్కలు నాటుతుంది. వాన నీళ్ళు నేలలోకి ఇంకాలని, నడిచేవాళ్ళకు కాస్త చల్లగా ఉండాలని, తేనెటీగలకూ సీతాకోకచిలుకలకూ ఊళ్ళోనే తిండి దొరకాలని ఆ ఏర్పాటు. మా వీధి ఒకప్పుడు పొయ్యి మీద పెనం. వాన పడితే మోకాళ్ళ లోతు నీళ్ళు. ఒక పక్కంతా ఆవిడ మొక్కలు పెట్టాక నీళ్ళు నిలవడం లేదు, సాయంత్రాలు ముసలివాళ్ళు బెంచీల మీద కూర్చుని లోకాన్ని తిట్టుకుంటున్నారు.

అయితే మా మొక్కలు పూసేవి కావు. పక్క వీధిలో అవే మొక్కలు విరగబూసేవి, మా దగ్గర ఒట్టి ఆకులు.

"ఊరంతా పూలు పెట్టి మాకు ఆకుకూరలు పెట్టావేమిటే?" అని ఏడిపించేదాన్ని.

"మట్టి మంచిది కాదక్కా" అని తలొంచుకుని మెట్లెక్కిపోయేది.

ఒకరోజు అర్జెంటు పనుండి తెల్లవారకుండానే మిషను ముందు కూర్చున్నాను. వెలుతురు వస్తుండగా మొక్కలావిడ వీధిలోకి దిగింది. అటూ ఇటూ చూసుకుని, ప్రతి మొక్క దగ్గరా వంగి, మొగ్గలు తుంచి పని కోటు జేబుల్లో కుక్కుకుంటోంది. తను నాటిన మొక్కలనే దొంగలా గిల్లుతోంది. నేను ఒంటికాలి మీద లేచి బయటికి వెళ్ళాను. నన్ను చూసి ఆవిడ ముఖం పాలిపోయింది.

"అరవకక్కా, పిట్ట నిద్ర లేస్తుంది" అంది. తర్వాత చెప్పింది. చిన్నప్పుడు పార్కులో పిట్టను తేనెటీగ కుట్టిందట. అందరికీ వాచినట్టు వాచి ఊరుకోలేదు. పెదాలు నీలమై, ఊపిరి ఆగిపోయి, చేతుల్లోనే వేలాడిపోయిందట. ఎలాగో బతికించారు. మళ్ళీ కుడితే ఇంతకంటే ప్రమాదం కావచ్చన్నారు డాక్టర్లు. అప్పటినుంచీ పిల్ల సంచిలో తొడకు గుచ్చుకునే ఇంజెక్షను డబ్బా ఉంటుంది.

"పగలంతా వాటి కోసం పూలు నాటుతాను. ఇంటికొచ్చి ముందు బట్టలు దులుపుకుంటాను. ఎక్కడ ఝుమ్మన్నా నా ప్రాణం పోతుందక్కా. ఈ ఒక్క వీధి వదిలేశాననుకో, ఎవరికి నష్టం?"

ఆ రోజునుంచి నాకూ ఆ జబ్బు అంటుకుంది. మిషను ఆపగానే చెవులు రిక్కించి వినడం, పిట్ట మలుపు తిరిగి కనబడేదాకా కుట్టు మీద మనసు నిలవకపోవడం. పుట్టి బుద్ధెరిగి ఈగకు భయపడనిదాన్ని, దాని చుట్టానికి వణకడం మొదలెట్టాను.

ఆ వేసవిలో మా వీధి చివర పళ్ళరసం కొట్టు పెట్టారు. నారింజ తొక్కలు వేసే బుట్టకు మూత లేదు. మధ్యాహ్నమయ్యేసరికి దాని మీద తేనెటీగలు మూగేవి. వాటికి మా వీధిలో వేరే ఏముంది కనుక? ఈ సంగతి నాకూ తట్టలేదు, మొక్కలావిడకూ తట్టలేదు. అవి వచ్చే వేళకు ఆవిడ పనిలో, పిట్ట బడిలో ఉండేవాళ్ళు.

ఆ రోజు బడి తొందరగా వదిలారు. పిట్ట స్నేహితులతో కొట్టు ముందుకొచ్చింది. ఎవరో కాలు తగిలించి బుట్ట దొర్లించారు. తేనెటీగలు ఒక్కసారిగా లేచాయి. తక్కిన పిల్లలు కేకలేస్తూ పారిపోయారు. పిట్ట మాత్రం తల్లి నేర్పినట్టే చేతులు ఒంటికి అంటించుకుని బిగుసుకుపోయి నిలబడింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. సరిగ్గా అప్పుడే అటువైపునుంచి మొక్కలావిడ ఆ పూట పని తొందరగా ముగించుకుని వస్తూ చూసింది. పార చేతిలోంచి జారిపోయింది, పరుగెత్తుకొస్తోంది.

"అమ్మా, రావద్దు! నీ బట్టలనిండా పూల వాసన!" అని అరిచింది పిట్ట.

ఆవిడ నడిరోడ్డు మీద ఆగిపోయింది. కన్నబిడ్డ అంత దగ్గర్లో ఉంది, అడుగు వేయడానికి లేదు. పిట్ట "అబ్బా" అని మెడ పట్టుకుంది.

నేను ఎలా వీధిలోకి వచ్చానో నాకు తెలియదు. నేను చేరేసరికి పిట్ట కాస్త ఎడంగా వచ్చి గట్టు మీద కూర్చుని సంచి తెరుస్తోంది. డబ్బా తీసింది, మూత లాగింది, స్కర్టు మీదనుంచే తొడకు గుచ్చుకుని పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంది. అప్పటికే ముఖం ఉబ్బుతోంది. మొక్కలావిడ పని కోటు విప్పి రోడ్డు మీద విసిరికొట్టి వచ్చి పిల్లను వాటేసుకుంది. జేబుల్లోంచి మొగ్గలు రాలి తారు మీద చెల్లాచెదురయ్యాయి.

ఆసుపత్రిలో పిల్లకు ఊపిరి కుదుటపడేదాకా బస్సు డ్రైవరు గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు. మొక్కలావిడ ఏడవలేదు. "రేపే మన వీధిలో మొక్కలన్నీ పీకేస్తాను. ఆకు కూడా ఉండనివ్వను" అంది.

పిట్ట ముఖమ్మీది మాస్కు పక్కకు జరిపింది. "అవి మొక్కల దగ్గర లేవమ్మా, చెత్తబుట్ట దగ్గరున్నాయి. నువ్వు మొగ్గలు తుంచకపోతే అక్కడికెందుకొస్తాయి?"

"నీకెవరు చెప్పారు?" అని తల్లి నావైపు చూసింది. జన్మలో మొదటిసారి నేను నిర్దోషిని.

"ఎవరు చెప్పాలి? బట్టలు నానబెట్టేటప్పుడు నీ జేబులు ఖాళీ చేసేది నేనే కదా" అంది పిట్ట. "అటు పూయనీ అమ్మా. నేను ఇటు పక్కన నడుస్తాను."

మర్నాడు నేను కొట్టువాడి మీద నోరు చేసుకుని బుట్టకు మూత పెట్టించాను. ఆ తర్వాత ఒక ఉదయం మొక్కలావిడ అలవాటు ప్రకారం వీధిలోకి దిగింది. మొగ్గ మీద వేళ్ళు పెట్టింది. చాలాసేపు అలాగే ఉంది. కిటికీలో నేను మిషను ఆపేశాను. ఆవిడ వేళ్ళు తీసేసి, చేతులు కొంగుకు తుడుచుకుని పైకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ పక్కంతా పసుపు పూలు. వాటి మీద ఝుమ్మని ఒకటే మోత, విన్నప్పుడల్లా నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. పిట్ట ఈ పక్కనుంచి బడికి వెళ్తుంది. మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే ఇంజెక్షను డబ్బా పైకెత్తి చూపిస్తుంది. అది చూశాకే మొక్కలావిడ గేటు వదులుతుంది.