ఉయ్యాల గొలుసులకు వేలాడిన ఇంజను

నిన్న మనవడి కారు బాగు చేయించడానికి మదనపల్లెలో ఒక షెడ్డుకు వెళ్లాం. అక్కడ గొలుసులకు ఒక ఇంజను వేలాడుతోంది. గ్రీజు వాసన తగలగానే పుంగనూరులో మా కొట్టం కళ్లముందుకొచ్చింది.

నా ఈడువాళ్లకు గుర్తుందా, యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క కార్లన్నీ కొట్టాల్లో మూలపడి ఉండేవి? మాది మాత్రం వేరే కారణంతో మూలపడింది. జ్వరంతో ఉన్న చంటి తమ్ముణ్ణి మదనపల్లె ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో మొరాయించింది. వాడు అమ్మ ఒళ్లోనే పోయాడు.

ఆ ఇంజను తీసి నీళ్లు తోడడానికి బావికి బిగిద్దామని నాన్న మెకానిక్ మస్తాన్ సాయిబును పిలిపించాడు. కొట్టం దూలానికి, ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావి గిలక కట్టి మోకు వేశారు. ఇంజనుకు చుట్టడానికి గట్టి గొలుసులు కావాలంటే, నాన్న తమ్ముడి ఉయ్యాల గొలుసులు విప్పి తెచ్చాడు.

నలుగురు మోకు లాగితే ఇంజను లేచింది. కారును వెనక్కి నెట్టేశారు. గాలి లేని మిట్టమధ్యాహ్నం ఇంజను మెల్లగా ఊగుతుంటే గొలుసులు కిర్రుకిర్రుమన్నాయి. ఆ చప్పుడుకు మా అవ్వ ఇంట్లోంచి వచ్చింది.

“అవ్వా, దగ్గరికి రావద్దు, మీద పడతాది!” అని సాయిబు అరిచాడు.

అవ్వ వినలేదు. నూనె కారుతున్న ఆ ఇనుము మీద చెయ్యి వేసి ఊపింది.

“సప్పుడు సేయొద్దండప్పా. బిడ్డ ఇప్పుడే కన్ను మూసినాడు.”

మోకు పట్టుకున్నవాళ్లెవరూ కదల్లేదు.

నిన్న షెడ్డులో ఎవరో సుత్తితో గట్టిగా కొట్టారు. “సప్పుడు సేయొద్దప్పా” అన్న మాట వినిపించింది. ఎవరన్నారా అని చూస్తే అందరూ నావైపే చూస్తున్నారు. నా చెయ్యి ఇంజనును ఊపుతోంది.