పుత్తూరక్క, నా ప్యాకేజీ ప్రోగ్రాము

పోయిన వారం రక్తపరీక్షకని చిత్తూరులో ఒక ల్యాబులో కూర్చుని ఉండగా కౌంటరు మీది కంప్యూటరు రెండుసార్లు మోగింది, అక్కడున్న అమ్మాయి చేతిలో పని వదిలేసి కాగితంతో డాక్టరు గదికి పరుగెత్తింది. పక్కవాళ్ళకు అదేమంత విశేషంగా తోచలేదు గానీ, తర్వాత నా పేరు పిలిచినా నేను వెంటనే లేవలేకపోయాను. ఆ గంట మోగని రోజు ఒకటి నా బతుకులో ఉంది.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఎంసీఏ ముగించి తిరుపతిలో బస్టాండుకు దగ్గరగా ఒక మేడ మీదున్న చిన్న కంపెనీలో చేరాను. ఆసుపత్రుల ల్యాబులకు జావాలో సాఫ్ట్‌వేరు రాసేవాళ్ళం. ఆ రోజుల్లో పనిచేసిన వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఒకే పెద్ద ప్రోగ్రాముగా కాకుండా మాడ్యూళ్ళనే చిన్న భాగాలుగా విడగొట్టి రాయడం మాకప్పుడు కొత్త. మావి ముప్పైకి పైగా ఉండేవి, ఒక్కో ఆసుపత్రి తనకు కావలసినవే తీసుకునేది, ఎవరికి ఏవేవి కలిపి ప్యాకేజీ కట్టాలో చెప్పే ఫైలును ప్రతిసారీ చేత్తో రాయాల్సి వచ్చేది. ఆ పని పుత్తూరక్కది. రోజూ పుత్తూరు నుంచి బస్సులో వచ్చేది కాబట్టి ఆఫీసంతా అలాగే పిలిచేది, ఎవరి చెయ్యి బెణికినా పుత్తూరు కట్టు కట్టేవాళ్ళ అడ్రసు కూడా ఆమెనే అడిగేవాళ్ళం. టైపిస్టుగా చేరి, చూసి చూసి జావా నేర్చుకున్న మనిషి. నాకు మొదట పని నేర్పిందీ ఆమే.

ఒక్కో ఫైలుకు ఆమెకు రెండు రోజులు పట్టేది. అది నాకు దండగనిపించింది. ప్రతి మాడ్యూలూ తనకు ఏవేవి కావాలో తనలోనే రాసుకుని ఉంటుంది కదా అని, ఆ రాతల వెంటే పోయి ఫైలును తనంతట తనే తయారుచేసే ప్రోగ్రాము రాశాను. అది రెండు నిమిషాల్లో పని ముగించేసరికి మేనేజరు అందరి ముందూ మెచ్చుకున్నాడు. అక్క మాత్రం నా తెర మీదికి వంగి కాసేపు చూసి, "అన్నీ అట్ల రాసుకోవు పాపా. కొన్నిటిని సాఫ్ట్‌వేరు నడిచేటప్పుడే పేరు పెట్టి పిలుస్తాది, ముందుగా యాడా రాసుండదు. నా నోట్సు ఒకతూరి సూడు" అంది. చూస్తానన్నాను. చూడలేదు. టైపిస్టుగా వచ్చినామె నాకు చెప్పేదేమిటన్న పొగరు, రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

అలా కట్టిన మొదటి ప్యాకేజీ చిత్తూరులో ఒక ఆసుపత్రికి వెళ్ళింది. వాళ్ళు కొన్నవాటిలో ఒకటైన, ఫలితం ప్రమాదకరంగా ఉంటే గంట మోగించే మాడ్యూలు అందులో లేదు. అది కావాలని ఏ మాడ్యూలూ రాసుకోలేదు గనుక నా ప్రోగ్రాము దాన్ని వదిలేసింది. కొందరు దాన్ని కొనరు కాబట్టి, లేకపోయినా ఏ తప్పూ చూపకుండా నడిచేలా మిగతాదంతా మేమే రాసి పెట్టుకున్నాం. మూడో వారంలో కిడ్నీ జబ్బుతో వచ్చిన ఒకామె రక్తంలో పొటాషియం ప్రాణం మీదికి వచ్చేంత పెరిగింది. గంట మోగలేదు, పొద్దున తేలిన రిపోర్టు మధ్యాహ్నం దాకా ట్రేలోనే ఉండిపోయింది. డాక్టరు చూసేసరికి ఆమె గుండె తడబడుతోంది. వేలూరుకు తరలించారు.

మరునాడు అక్కనూ నన్నూ చిత్తూరు పంపారు. ఆసుపత్రిలో ఉండిపోయిన బట్టల కోసం వేలూరు నుంచి తిరిగొచ్చిన ఆ రోగి భర్త వరండాలో మమ్మల్ని చూసి, కంప్యూటరు వాళ్ళమని తెలిసి దగ్గరికొచ్చాడు. కోపంగా కూడా లేడు. "మిషను సూసుకుంటాదని సెప్పినారు మేడం, అందుకే నేనూ అడగలా" అన్నాడు. ఆ మాటకు నేను తల తిప్పుకున్నాను.

అక్క ఫోల్డరు తెరిచిన పది నిమిషాల్లో ఏది లేదో కనుక్కుంది, నా వైపు ఒకసారి చూసింది. సూపరింటెండెంటు తన గదికి పిలిచి ఇది కట్టింది ఎవరని అడిగాడు. అక్క లేచి నిలబడి, "నేను సరిగా సూడకుండా పంపించినాను సార్" అంది. నేను టేబులు మీది పేపర్‌వెయిటును చూస్తూ కూర్చున్నాను.

తిరుగు బస్సులో అక్క, నా ప్రోగ్రాము మంచిదేనని, పారేయొద్దని, పేరు పెట్టి పిలిచేవాటికి అందులోనే వేరే జాబితా పెట్టమని నెమ్మదిగా చెప్పింది. ఆఫీసుకు పోగానే మేనేజరుతో నిజం చెప్పేయాలని దారంతా అనుకున్నాను, పోయాక నా సీట్లో కూర్చున్నాను. ఆ రోగి కోలుకుని ఇల్లు చేరింది, అంతవరకూ రోజూ ఆసుపత్రికి ఫోను చేస్తూనే ఉన్నాను. అక్కను మాత్రం నెల తిరక్కుండానే పంపేశారు, తప్పు ఆమెదని, పైగా ఆ పని ఇప్పుడు ప్రోగ్రామే చేస్తోందని. ఆమె వెళ్ళాక మేనేజరుకు చెప్పాను. జరిగిందేదో జరిగింది, వదిలేయమన్నాడు.

ఆరు నెలలకు పుత్తూరు వెళ్ళాను. ఇంట్లో పిల్లలకు ట్యూషన్ చెబుతోంది. కాఫీ ఇచ్చింది, మా అమ్మ ఆరోగ్యం అడిగింది, నేను ఆ విషయం ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టింది. గుమ్మం దాకా వచ్చి, "ఆ పొద్దు బస్సు దిగేదాకా నీ మొకమే సూస్తా ఉండినా, సెప్తానంటావని" అని మాత్రం అంది.

ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లలు ప్యాకేజీ ఫైలు అనేదే కళ్ళతో చూసి ఎరగరు, అన్నీ వాటంతట అవే కట్టుకుని వెళ్ళిపోతాయి, ఎక్కడైనా తేడా వస్తే ఏ ప్రోగ్రాము చేసిందో చెబుతారు, అంతటితో సరి. నేనే చూడలేదు సార్ అని లేచి నిలబడే మనిషిని చూసి చాలా ఏళ్ళయింది. వాళ్ళకిదంతా చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. మొదలుపెడితే ఆ గదిలో నేనెందుకు నోరు తెరవలేదో కూడా చెప్పాలి, అక్కడే ఆగిపోతాను.