సింగారి తిన్న మామిడికాయలు

గుర్రాలతో కొండల్లోకి వెళ్లాలనుకునేవారికి ముందే ఒక మాట చెప్పేస్తాను. గుర్రం ఎక్కడం రాకపోయినా ఫరవాలేదు, దాన్ని కట్టెయ్యడం మాత్రం బాగా నేర్చుకుని వెళ్లండి. మిగిలినవన్నీ దారిలో వచ్చేస్తాయి.

మాది విజయనగరం. చింతపండు, పసుపు వ్యాపారం. మా సరుకులో సగానికి పైగా పార్వతీపురం అవతల కొండల్లో ఉన్న పనసమానుగూడ నుంచి వస్తుంది. ఆ ఊరిపెద్ద సుక్కన్న నాయుడికీ మా నాన్నకీ నేస్తం. మా వైపు నేస్తం కట్టడమంటే ఊరికే స్నేహం చెయ్యడం కాదు. పదిమంది ఎదుట పంచెలు మార్చుకుని, ఒకరి నోట్లో ఒకరు బెల్లంముక్క పెట్టుకోవాలి. ఆ తరవాత ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకోరు. ఒకరింట పెళ్లయినా చావయినా రెండోవారు ఇంటిమనిషిగా వచ్చి నిలబడాల్సిందే.

నాన్న కిందటి వానాకాలంలో పోయాడు. కబురు తెలిసి నాయుడు కొండ దిగి, రైలెక్కి వచ్చి, మా వీధరుగు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వెళ్లేటప్పుడు నాతో, "నేస్తం మనిషితోనే పోద్ది. నీకు గావాలంటే పాల్గునంలో రా. సూద్దాం" అన్నాడు. ఆ 'సూద్దాం' మా ఇంట్లో అందరినీ పట్టుకుంది. వాళ్లు వద్దంటే మా దుకాణం సగం ఖాళీ. అది ఒక సంగతి. కొండ నుంచి వచ్చిన రోజున మా నాన్న మొహంలో ఉండే సంతోషం దుకాణంలో ఎప్పుడూ చూడలేదు నేను. అదేమిటో నాకూ కావాలనిపించింది. ఇది రెండో సంగతి, నిజానికి ఇదే పెద్దది.

ఫాల్గుణంలో ఒక సోమవారం ఉదయం ఆరున్నరకి రాయపూరు వైపు వెళ్లే పాసింజరు ఎక్కాను. యుద్ధం రోజులు. మంచి పెట్టెలన్నీ సిపాయిలకి పోగా, మూడో తరగతిలో మోకాలు పెట్టుకునే చోటు దొరికితే అదే భాగ్యం. అమ్మ పులిహోర మూట చేతికిచ్చి, "అక్కడ దుకాణంలో మాట్లాడినట్టు మాట్లాడకు" అని మరీ మరీ చెప్పింది. నా మాటకారితనం మీద నాకు మంచి నమ్మకం. అందుకని ఆ మాట చెవిలో పడిందే గాని లోపలికి పోలేదు.

గజపతినగరంలో ఒక ముసలమ్మ వంకాయల బుట్టతో ఎక్కి నా కాళ్ల మీదే సర్దుకుని కూర్చుంది.

"ఎక్కడికి బాబూ?"

"కొండల్లోకమ్మా. గుర్రాల మీద. రెండు రాత్రులు అడవిలోనే మకాం."

"ఓలమ్మ! పులులుంటాయి గదేటి?"

"మా బావ తోడొస్తున్నాడు."

"మీ బావేటి, పులిని తింతాడేటి?" అని పెట్టెంతా నవ్వేలా అంది. బొబ్బిలిలో దిగుతూ నా ఒళ్లో రెండు వంకాయలు పడేసి పోయింది.

పదిన్నరకి పార్వతీపురం. మా అక్క మొగుడు రంగయ్య బావ స్టేషనుకే జట్కా తెచ్చాడు. ఆయనకి జట్కాలే బతుకు. పెట్రోలు దొరక్క బస్సులు వెనకాల బొగ్గు డ్రమ్ము తగిలించుకుని నడుస్తున్న కాలం. మిట్ట వస్తే ప్రయాణికులు దిగి తొయ్యాలి. కాబట్టి బావ గుర్రాలకి మంచి రోజులు. నాకో ముసలి ఎర్రగుర్రం, సామాన్లకో పొట్టి తట్టువు గుర్రం, తనకి సింగారి అనే తెల్లఆడగుర్రం సిద్ధంగా ఉంచాడు. సింగారి బజారులో పెరిగిన జీవం. కూరగాయల బుట్ట పక్కనుంచి పోతే ఏదో ఒకటి నోటికి అందుకోకుండా కదలదు. పళ్లతో ముడి విప్పడం కూడా వచ్చని ఊళ్లో చెప్పుకుంటారు.

"నా ముడి దాని తాత కూడా విప్పనేడు" అన్నాడు బావ.

అక్క చేతి భోజనం చేసి రెండు గంటలకి బయలుదేరాం. తట్టువు మీద బియ్యం, పప్పు, ఉలవల గోనె, రెండు గొంగళ్లు, ఒక డేగిసా, నేస్తానికి కొత్త పంచెల జత. నాగావళిలో నీళ్లు గుర్రం మోకాళ్ల దాకా కూడా లేవు. అవతలి గట్టెక్కేసరికే నా తొడలు రెండూ ఒరుసుకుపోయాయి. ఎవరైనా వెళ్తే జీను మీద మెత్తగా ఒక బొంత మడిచి వేసుకోండి, సిగ్గుపడకండి.

పొద్దువాలేవేళకి కొండ మొదట్లో ఒక గెడ్డ పక్కన ఆగాం. గెడ్డంటే మా వైపు కొండవాగు. మకాంలో మనిషి పని ఆఖరున వస్తుంది. మొదట బరువులు దించాలి. ఎండుగడ్డి గుప్పిటతో గుర్రాల వీపుల మీద చెమట తుడవాలి. ఒళ్లు ఆరాకే నీళ్లకి తీసుకెళ్లాలి. ఉలవలు ఉడికించి, చల్లార్చి, సంచుల్లో పోసి మూతులకి కట్టాలి. ముందుకాళ్లు రెండూ కలిపి బందం వెయ్యాలి. అప్పుడు మన అన్నం సంగతి. వంకాయలు రెండూ నిప్పుల్లో కాల్చి పచ్చడి చేశాడు బావ. అంత రుచైన పచ్చడి నేను పెళ్లిళ్లలో కూడా తినలేదు. గుర్రాలు నిలబడే కునుకు తీస్తుంటే, వాటి ఊపిరి వింటూ మంట పక్కన హాయిగా పడుకున్నాను.

మర్నాడు తెల్లవారగానే ఎక్కడం మొదలు. ఇప్పపువ్వు రాలి దారంతా తియ్యటి వాసన. రాళ్లదారిలో గుర్రాలు దిగి కళ్లెం పట్టుకుని నడిచాం. గుర్రం ఆగినచోట మనమూ ఆగాలి, లాగితే ఇంకా మొండికేస్తుంది. ఈ ముక్క తెలిసేసరికి మధ్యాహ్నమయింది. మూడింటికి పనసమానుగూడ చేరాం. రెండు వరసల గడ్డి ఇళ్లు, మధ్య వీధి, ఊరి చివర మామిడితోపు.

ఆ తోపు చూసి ఆశ్చర్యపోయాను. చెట్ల కింద పచ్చికాయలు రాలి పరుచుకుని ఉన్నాయి. ఒక్కరూ ఏరడం లేదు. పిల్లలు ఆ కాయల మధ్యనుంచి కాళ్లు ఆచితూచి వేసుకుంటూ పరుగెడుతున్నారు. మా విజయనగరంలో అయితే కాయ నేల మీద పడేలోపే మాయమవుతుంది.

నాయుడు ఎదురొచ్చాడు. "ఒరే, వచ్చినావేటి! కాళ్లు సూడు, మీ బాబునాగే వొంకరకాళ్లు. దిగు దిగు" అన్నాడు. బావ ముసిముసిగా నవ్వాడు. నాకు కొంచెం చివుక్కుమంది. ఊళ్లో గుమాస్తాలూ అమీనులూ నన్ను శెట్టిగారూ అంటారు మరి.

మకాం తోపు పక్కనే వేసుకోమన్నాడు. "తెల్లారి పొద్దెక్కినాక నేస్తం మాట. గుర్రాల్ని గట్టిగా కట్టండి. మావిడికొత్తలు అవనేదు. అమ్మోరికి పెట్టి పండగ సేసినదాకా కాయ ఎవులం ముట్టం" అని హెచ్చరించాడు. బావ సింగారి కాళ్లకి బందం వేసి, మెడకి తాడు కట్టి, ముడి నాకు చూపించి మరీ మెచ్చుకున్నాడు.

తెల్లవారగట్ల పిల్లల కేకలకి లేచాను. "ఓలమ్మో! గుర్రం మావిడికాయ తినేసినాది!"

సింగారి చెట్టు కింద నిలబడి, చక్కగా నములుతోంది. మెడతాడు ఒకచోట, బందం ఒకచోట. మూతి చుట్టూ పచ్చటి నురగ. మమ్మల్ని చూసి, మేమేదో ఆలస్యంగా వచ్చినట్టు చెవులు ఆడించి, ఇంకో కాయ అందుకుంది. బావ మొహం చూడాలి అప్పుడు.

ఊరంతా వీధిలోకి వచ్చి కూర్చుంది. నాయుడు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, "కొత్తలవ్వకుండా కాయ తినేసినారు. ఇప్పుడేటి సేద్దాం? నువ్వే సెప్పు" అన్నాడు. గొంతులో కోపం లేదు.

నాకు మాట్లాడమని అవకాశం ఇస్తే ఇంకేముంది! లేచి నిలబడ్డాను. ఈ కట్టుబాటు మీ ఊరివాళ్లది. మేం విజయనగరం వాళ్లం, పరాయివాళ్లం, మాకు ఈ కట్టు లేదు. గుర్రం నోరులేని జీవం, దానికి కులమూ లేదు, ఊరూ లేదు. ఉడతలు తినడం లేదా, చిలకలు కొరకడం లేదా, వాటి మీద తప్పు వేసి దండుగ కట్టమంటున్నారా? ఇలా ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోయాను. ఆ రోజు నా మాట నాకే ముచ్చటేసింది.

నాయుడు చివరిదాకా విన్నాడు. ఊరివాళ్ల వంక చూశాడు. "నిజమే. పరాయోల్లకి మన కట్టేటి? తప్పు నేదు" అన్నాడు. తరవాత నా వైపు తిరిగి, "మీరు కూకోండి బాబుగారూ" అన్నాడు.

"ప్లీడరు చదవాల్సినోడివిరా సూరీ!" అని బావ నా వీపు తట్టాడు. మాకు కొత్త చాప వేశారు. నీళ్లు తెచ్చినవాళ్లు వంగి ఇచ్చి వెనక్కి నడిచారు. పిల్లలు దగ్గరికి రావడం మానేశారు. బాబుగారికి పాలు కావాలా, బాబుగారికి ఎండ తగులుతోందా అని ఒకటే మర్యాద. నిన్న చివుక్కుమన్న మనిషిని కదా, మొదట్లో బాగానే ఉంది. పొద్దెక్కింది. నేస్తం మాట ఎవరూ ఎత్తలేదు.

చివరికి నాయుడి పెళ్లాం ముత్తెమ్మ వచ్చి దూరంగా నిలబడి, "బాబుగారు ఎప్పుడు బయలెల్తారు?" అని అడిగింది.

"మరి నేస్తం?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "మీ బాబు కూడా తెలీకుండా ఓపాలి సెప్పులేసుకుని అమ్మోరి గుడికాడ తొక్కేసినాడు. పరాయోడినని అన్నేదు. తప్పెయ్యండి, ఇచ్చుకుంతానన్నాడు. మావోడయినాడు. మీరు నెగ్గేసినారు బాబూ. నెగ్గినోల్లని మేమేటి సేసుకుంతాం?"

తప్పు ఎవరి మీద వేస్తారు? తమవాడి మీదే. నాయుడు పొద్దున్న నన్ను తమవాడిగా కూర్చోబెట్టి అడిగాడు. నేను లేచి, మేం పరాయివాళ్లమని నలుగురి ఎదుటా రుజువు చేసి మరీ కూర్చున్నాను. అమ్మ మాట అప్పటికి లోపలికి దిగింది.

చెప్పులు అక్కడే వదిలేసి నాయుడి ఇంటికి పరుగెత్తాను. ఆయన వాకిట్లో తాడు పేనుతున్నాడు.

"మావా, పొద్దున్న నేనన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. నా మీద తప్పు వెయ్యండి."

"నెగ్గినారు గదా బాబూ."

"నెగ్గి ఏం చేసుకోను? మా నాన్నకి ఇక్కడ ఉన్న చోటు నాకు కావాలి. వెయ్యండి మావా."

ఆయన పేనుతున్న తాడు పక్కన పడేశాడు. "ఒరే," అన్నాడు, "నోరు పెద్దదిరా నీకు. మీ బాబుకి నేదు అంత నోరు."

ఆ 'ఒరే' విని నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు.

ఊరు మళ్లీ కూర్చుంది. తప్పు తేల్చింది. అమ్మవారికి నేనే ఒక కోడిపుంజుని తెచ్చి ఇవ్వాలి. పండగకి కట్టెలు సింగారి మొయ్యాలి. ఊళ్లో కొత్తలు అయ్యేదాకా, నేనెక్కడున్నా సరే, మామిడికాయ నోట పెట్టకూడదు. పండగయ్యాక చింతపండుతో వచ్చే మనిషి చేత కబురు పంపుతారు.

మా ఇంట్లో గుడ్డు పేరెత్తితే వంటిల్లు కడిగిస్తారు. అలాంటివాణ్ణి పుంజుని చంకన పెట్టుకుని వీధి వెంట నడిచాను. అది నా మొహం మీద రెక్కలతో టపటపా కొట్టింది, ఉత్తరీయం పాడుచేసింది. పిల్లలంతా నా వెనకే. బావ పొట్ట పట్టుకుని నేల మీద కూలబడి నవ్వాడు. ఆయన గుర్రం మూలంగానే కదా ఇదంతా, ఆ సంగతి మాత్రం గుర్తులేదు మహానుభావుడికి. సింగారి మటుకు కట్టెల మోపులతో బుద్ధిగా నాలుగుసార్లు అడవికి వెళ్లి వచ్చింది.

సాయంత్రం నాయుడూ నేనూ పంచెలు మార్చుకున్నాం. నా నోట్లో బెల్లం పెట్టి, "ఒరే నేస్తం" అన్నాడు. నేనూ "నేస్తం" అన్నాను. మా నాన్న సంతోషం ఎక్కడిదో నాకు తెలిసింది.

మర్నాడు దిగేటప్పటికి గుర్రాలూ నేనూ ఒకరికొకరం అలవాటయ్యాం. దారి సగానికి సగం తగ్గినట్టుంది. ఆ రాత్రి అక్కయ్య ఇంట్లో పడుకుని, పొద్దుటి బండికి విజయనగరం బయలుదేరాను. కొండలు ఎవరినీ భయపెట్టవు. గుర్రం వీపు తుడిచే ఓపిక, నాలుగు మాటలు మింగే ఓపిక ఉంటే ఎవరైనా వెళ్లి రావచ్చు.

బొబ్బిలిలో ఒక బడిపంతులు గారు ఎక్కి నా పక్కన కూర్చున్నారు. చాకు తీసి, లేత మామిడికాయ తరిగి, ఉప్పూ కారం అద్ది ఆకులో నా ముందు పెట్టారు. పెట్టెంతా ఆ వాసనే. నా నోట్లో నీళ్లూరాయి, అబద్ధమెందుకు?

"తీసుకోండి, తీసుకోండి. కొత్తకాయ."

"వద్దండి," అన్నాను, "మా ఊళ్లో ఇంకా కొత్తలు అవలేదు."

ఆయన నా చెవిపోగుల కేసీ, జరీ ఉత్తరీయం మీద కోడి చేసిన మరక కేసీ మార్చి మార్చి చూశారు. "తమదే ఊరండీ?" అని అడిగారు.

"పనసమానుగూడండి," అన్నాను.