పత్తిచేలకు భయపడిన మంద

1986 చలికాలం. అద్దంకి దగ్గర ఒక ఊళ్ళో పశువుల డాక్టర్ని. ఆసుపత్రి అంటే పెద్దగా ఊహించుకోకండి, ఒక గది, ముందు రేకుల పంచ, అంతే. ఆ ఏడు పత్తికి పురుగు తగిలి, రైతులు మందు కొట్టిందే కొట్టడం. ఊరంతా ఆ కంపే.

ఒక ఉదయం మరియమ్మ చచ్చిన గొర్రెను రిక్షాలో తెచ్చి నా ముందు దించింది. మిరపకోతలకు కూలికి పోతూ, కూడబెట్టి మంద చేసుకున్న మనిషి. ఆమె వెనకే పత్తిరైతు సుబ్బారావు ఊగిపోతూ వచ్చాడు.

"ఈయన కొట్టిన మందు నా మందను మింగేసిందండీ డాక్టరుగారూ! ఒకదాని తర్వాత ఒకటి పోతన్నాయి. సాయంత్రం కసాయాయన వ్యాన్ తెస్తానన్నాడు. ఉన్నయ్యన్నీ ఎక్కించేస్తా, పీడా పోద్ది."

"నా చేలో అడుగే పెట్టని గొర్రెలు నా మందెట్టా తింటాయే? మతిగానీ పోయిందా?" అని సుబ్బారావు కేక.

"ఇద్దరూ నోళ్ళు మూస్తారా, బయటికి పంపనా?" అన్నాను. నాకు కోపం ఇట్టే వస్తుంది, ఇట్టే పోతుంది.

గొర్రె కనురెప్ప విప్పి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. దవడ కింద నీరు దిగి మెత్తగా వేలాడుతోంది. దీన్ని బాటిల్ జా అంటాం, ఒంట్లో రక్తం బాగా తగ్గినప్పుడు కనిపిస్తుంది. పురుగుమందైతే నురగలు కక్కి గంటల్లో పోయేది. ఇది వారాల తరబడి చిక్కిపోయింది. పోస్టుమార్టం చేసి కాలేయం కోశాను. గట్టిపడిన పైత్యనాళాల్లోంచి ఆకుల్లా చదునుగా ఉన్న జలగలు బయటపడ్డాయి. లివర్ ఫ్లూక్!

"విషం కాదు మరియమ్మా, జలగరోగం. ఎక్కడ మేపుతున్నావు?"

"ఎప్పుడూ చేలగట్ల మీదేనండి. ఈ ఏడు మందుకు జడిసి, సాగర్ కాలవ పక్కన ఊటనీళ్ళ కాడికి తోలుతున్నా. పచ్చటి గడ్డి. అక్కడ మందు కొట్టేవాళ్ళెవరూ లేరుగా!"

అదీ సంగతి! ఊటనీళ్ళలో నత్తలుంటాయి. జలగపిల్లలు ఆ నత్తల్లో పెరిగి, నీటి అంచున గడ్డికి అంటుకుంటాయి. గొర్రె గడ్డితోపాటు వాటినీ మేస్తుంది. ఒళ్ళంతా కళ్ళు చేసుకుని కాపాడిన మందను పాపం ఆమే అక్కడికి తోలింది.

"మిగతాయి బతుకుతాయా అయ్యా?"

"చాలావరకు బతుకుతాయి. ఈ సాయంత్రమే అన్నిటికీ జలగలమందు తాగిద్దాం. కసాయాయన్ని పొమ్మను."

ఆమె నేలమీద కూలబడి, "ప్రభువా, ప్రభువా" అంటూ నవ్వుతూ ఏడ్చింది. నాకూ గుండెల మీంచి బండ దిగినట్టయింది. సుబ్బారావు కండువాతో మొహం తుడుచుకుని, "లే, ఒక్కదానివే ఎన్నింటిని పడతావు? నేనూ వస్తా" అన్నాడు.

ఆ సాయంత్రం అతను పట్టుకుంటుంటే ఒక్కో గొర్రెకు డ్రెంచింగ్ చేశాను, అంటే నోట్లో మందు పోయడం. "చెవులు పట్టి లాగమాకండి, నొప్పెట్టదా!" అని మరియమ్మ అతని మీద అరుస్తూనే ఉంది. వ్యాన్ ఖాళీగా వెనక్కి పోయింది. హమ్మయ్య అనుకున్నాను.

రెండు గొర్రెలు దక్కలేదు. మిగతావి నెమ్మదిగా కోలుకున్నాయి. సుబ్బారావు తన మెరక బీడులో మేపుకోమన్నాడు. అక్కడ మందూ లేదు, తడీ లేదు.

ఆ తర్వాత ఏ మంద జబ్బుపడి వచ్చినా నా మొదటి ప్రశ్న ఒకటే అయింది. "ఈ ఏడు దేనికి భయపడి మేత మార్చారు?"